పిల్లలకు బాప్తిస్మం ఏ వయసులో ఇప్పించాలి? ఇంట్లో తేల్చుకునే పద్ధతి

వేసవి సెలవుల్లో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) ముగిసిన వారం సండేస్కూలు టీచర్లకు రెండు రకాల తల్లిదండ్రులు ఎదురవుతారు. "మా వాడికి తొమ్మిదేళ్లేనండీ, బాప్తిస్మం తీసుకుంటానని ఒకటే గొడవ. ఇప్పించమంటారా?" అని ఒకరు. "మా అమ్మాయికి పంతొమ్మిది నిండాయి, ఆ ఊసే ఎత్తదు. ఏం చేయమంటారు?" అని ఇంకొకరు. ఇద్దరికీ కావలసింది ఒక అంకె. పన్నెండు అనో పద్దెనిమిది అనో చెప్పేస్తే నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతారు.

ఆ అంకె బైబిల్లో లేదు. కొత్త నిబంధనలో బాప్తిస్మం పొందినవాళ్లు చాలామంది కనిపిస్తారు గానీ వాళ్ల వయసులు ఎవరూ రాసిపెట్టలేదు. యేసు పరిచర్య మొదలుపెట్టేనాటికి దాదాపు ముప్పై ఏళ్లవాడని లూకా చెప్పాడు, అదీ అందరికీ నియమంగా చెప్పలేదు. అందుకే వయసు దగ్గర మొదలుపెడితే ఎంతసేపటికీ తెగదు. ఈ వరసలో వెళ్లి చూడండి.

మొదట: మీ సంఘం ఏ పద్ధతిలో ఇస్తుందో కనుక్కోండి

తెలుగునాట రెండు పాయలున్నాయి. కతోలిక సంఘం, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, మెథడిస్టు సంఘాలు పసిబిడ్డలకు ఇస్తాయి. బాప్తిస్టులు, మెనోనైట్ బ్రదరన్, బ్రదరన్, హెబ్రోను (భక్త సింగ్) సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, ఊరూరా ఉన్న స్వతంత్ర సంఘాలు మాత్రం మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచి ఇస్తాయి. సీఎస్ఐ ఇళ్లవాళ్లు ఒక సంగతి అడిగి చూడొచ్చు. ఆ సంఘం 1947లో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి ఏర్పడింది కాబట్టి, బిడ్డను దేవునికి ప్రతిష్ఠించి ఊరుకుని, పెద్దయ్యాక వాడే అడిగినప్పుడు బాప్తిస్మం ఇప్పించుకునే దారి మీ దగ్గర ఉందేమో అయ్యగారిని అడగండి. 

రెండు వైపులా వచనాలున్నాయి. "ఈ వాగ్దానము మీకును మీ పిల్లలకును" అన్న పేతురు మాట, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివాళ్లందరితో కలిసి బాప్తిస్మం పొందిన సంగతి ఒకరు చూపిస్తారు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు" అన్న వరసలో నమ్మడం ముందుంది కదా అని రెండోవాళ్లంటారు. ఈ వాదన నిన్న మొన్న పుట్టింది కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత చిన్నపిల్లలకు తొందరపడి ఇవ్వొద్దని రాశాడు. అరవై ఏళ్లు తిరక్కుండానే అదే ఊరి బిషప్పు సిప్రియన్, పుట్టిన ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కర్లేదన్నాడు. గొప్ప క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తల్లి మోనికా ఎంత భక్తురాలో అందరికీ తెలుసు. అయినా ఆయనకు బాప్తిస్మం 387 ఈస్టరుకు, ముప్పై రెండేళ్ల వయసులో జరిగింది. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొంతమంది పసితనంలో పొందినది చెల్లదని పెద్దయ్యాక మళ్లీ తీసుకున్నారు. మన మహబూబ్‌నగర్ వైపు మెనోనైట్ బ్రదరన్ సంఘాల మూలం అక్కడుంది. ఇంతమంది తేల్చలేనిది మన హాల్లో సోఫా మీద కూర్చుని తేల్చలేం. మీరు ఏ సంఘంలో బిడ్డను పెంచబోతున్నారో ఆ సంఘం పద్ధతి పట్టుకోండి.

చిక్కొచ్చేది అమ్మది లూథరన్ కుటుంబం, నాన్నది పెంతెకొస్తు అయినప్పుడు. అమ్మమ్మేమో మూడో నెలలోనే చేయించేద్దామంటుంది, తాతయ్యేమో అది బాప్తిస్మమే కాదంటాడు. బిడ్డ పుట్టకముందే భార్యాభర్తలు కూర్చుని, "ప్రతి ఆదివారం మనం వెళ్లేది ఎక్కడికి?" అని ఒక్క ప్రశ్న తేల్చుకోండి. పెద్దవాళ్లకు ఇద్దరూ కలిసి ఒకే మాట చెప్పండి. ఇద్దరినీ తృప్తిపరచాలని ఇక్కడ చిలకరింపు, అక్కడ ముంచడం రెండూ చేయిస్తే ఏ సంఘంలోనూ సమాధానం చెప్పుకోలేరు.

పసిబిడ్డకు ఇప్పించేటట్లయితే

ఇక్కడ వయసు గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కతోలిక నియమం ప్రకారం పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్ల మాట) ఇప్పించాలి. కాన్పుకు ముందే విచారణ గురువును (మీ చర్చి ఫాదరును) కలిస్తే మంచిది. జ్ఞాన తల్లి, జ్ఞాన తండ్రి (గాడ్ పేరెంట్స్) ఇద్దరూ ఉండొచ్చు, ఒక్కరున్నా సరిపోతుంది. వాళ్లు కతోలికులై, మామూలుగా పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి. కన్నతల్లిదండ్రులు ఆ బాధ్యత తీసుకోకూడదు. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన మేనమామను మొహమాటానికి నిలబెట్టే బదులు, బిడ్డ పెరిగే ఊళ్లో ఉండి, పండక్కీ పబ్బానికీ కాకుండా మామూలు రోజుల్లోనూ ఇంటికి వచ్చిపోయే మనిషిని ఎంచుకోండి.

ఏడేళ్లు నిండితే లెక్క మారిపోతుంది. ఆ వయసుకు బుద్ధి తెలుస్తుందని కతోలిక నియమం భావిస్తుంది కాబట్టి, ఆ తర్వాత జ్ఞానస్నానం కావాలంటే పెద్దవాళ్లకు లాగే ముందు ఉపదేశం ఉంటుంది. "ఈ ఏడు కుదరలేదు, వచ్చే ఏడు చూద్దాంలే" అని జరుపుకుంటూ పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే గురువు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నర్సు అయినా, నాన్న అయినా, ఎవరైనా సరే బిడ్డ తల మీద నీళ్లు పోస్తూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంటే చాలు, కతోలిక సంఘం దాన్ని ఒప్పుకుంటుంది. ఐసీయూలో ఉన్న పాపకు డాక్టరును అడిగి తల మీద కొద్దిగా నీళ్లు జారేలా పోసినా సరిపోతుంది. తర్వాత గురువుకు చెప్పి రిజిస్టరులో రాయించుకోవాలి.

సీఎస్ఐ, లూథరన్ ఇళ్లలో అసలు వయసు ప్రశ్న కన్ఫర్మేషన్ దగ్గర వస్తుంది. పసితనంలో మీరు ఇచ్చిన మాటను బిడ్డ తన నోటితో తనదిగా చెప్పుకునే రోజు అది. మామూలుగా టీనేజీలో పెడతారు. ఇక్కడి నుంచి నేను చెప్పబోయే మాటలన్నీ దానికీ వర్తిస్తాయి.

నోటితో ఒప్పుకున్నాకే ఇచ్చే సంఘమైతే

చాలామంది కాపరులు (పాస్టర్లు) పన్నెండు దాటాక ఆలోచిస్తారు. యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడు కదా అని కారణం చెబుతారు. ఆ వాక్యభాగానికీ బాప్తిస్మానికీ సంబంధం లేదు గానీ, అనుభవంలో ఆ వయసు కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు మనసులో కపటం లేకుండానే, టీచరుకు ఏం చెబితే సంతోషిస్తుందో అదే చెబుతారు. "నీకు రక్షణ ఉందా?" అంటే "ఉంది" అంటారు. "లేదు కదూ?" అంటే దానికీ తలూపుతారు.

అందుకని నా సలహా: పన్నెండుకు ముందు అడిగిన పిల్లలకు కాదని చెప్పకండి, తేదీ మాత్రం పెట్టకండి. "చాలా మంచి కోరిక నాన్నా, దాని గురించి నేర్చుకుందాం రా" అనండి. "నువ్వింకా చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు" అన్న మాట మాత్రం నోట రానివ్వొద్దు. చిన్నబిడ్డలను ఆటంకపరచవద్దని ప్రభువే అన్నాడు, ఆ వచనం పిల్లలకు కంఠతా వచ్చు, ఎదురు చెబుతారు కూడా. రెండోవైపు, పదహారు పదిహేడు వచ్చి మనస్ఫూర్తిగా అడుగుతున్నా "ముందు ఆ ఫోను పిచ్చి తగ్గించు, ఇంటర్లో మార్కులు తెచ్చుకో, అప్పుడు చూద్దాం" అని ఆపేవాళ్లున్నారు. మంచి నడవడికకు ఇచ్చే బహుమానంలా బాప్తిస్మాన్ని చూపించడం అది.

పిల్లలతో మాట్లాడే పద్ధతి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికి పెట్టండి. ప్రార్థన అయ్యాక కూర్చోబెట్టి విచారణ జరిపితే పిల్లలు బడి జవాబులే చెబుతారు. బండి మీద వెళ్తున్నప్పుడో, చపాతీలు చేసేటప్పుడు పక్కన నిలబడ్డప్పుడో మాటల్లో అడగండి. ఇలా సాగొచ్చు:

"ఏరా, బాప్తిస్మం ఎందుకు తీసుకోవాలనుంది?"

"బల్లలో చేయి వేయొచ్చు కదమ్మా. ప్లేటు నా ముందు నుంచే వెళ్లిపోతుంది, నాకివ్వరు."

ఇది తప్పు జవాబని కోప్పడకండి. ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో పిల్లల కోరికకు అసలు కారణం చాలాసార్లు ఇదే. నెలనెలా మొదటి ఆదివారం బాప్తిస్మం పొందినవాళ్లకే ఇచ్చే ప్రభువు బల్లలో రొట్టె పళ్లెం, ద్రాక్షరసం గిన్నెలు తన మోకాళ్ల ముందు నుంచి పక్కవాళ్ల చేతుల్లోకి వెళ్తుంటే, లోపలివాళ్లు వేరు తాను వేరు అని బిడ్డకు అనిపిస్తుంది. అక్కడి నుంచే మాట కలపండి. "ఆ రొట్టె ఏంటో తెలుసా? అందరూ తీసుకునే ముందు తలొంచుకుని ఏం చేస్తారు?" అని అడగండి. అది తమను తాము పరీక్షించుకోవడమని తెలిశాక "అయితే నేనూ చేసుకోవాలా?" అన్నాడంటే మాట దారిలో పడినట్టే.

ఇంకొన్ని ప్రశ్నలు పనికొస్తాయి. నీళ్లలో ముంచకపోతే దేవుడు నిన్ను ప్రేమించడా? మీ క్లాసులో క్రైస్తవుడు కాని ఫ్రెండు "ఎందుకు తీసుకున్నావు?" అంటే ఏం చెబుతావు? మొన్న చెల్లి మీదకు నెట్టేసిన తప్పు సంగతి దేవుడితో మాట్లాడావా? ఈ మూడోదానికి పిల్లలు ముఖం ఎటో తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి, వెంటపడొద్దు. రెండు రోజుల తర్వాత వాళ్లే వచ్చి చెప్పడం, ఎవరూ అడక్కుండా చెల్లికి సారీ చెప్పడం వంటివి చూస్తే అవి గుర్తులు. ఒంటరిగా ఉన్నప్పుడు తనంతట తాను ప్రార్థించడం ఇంకో గుర్తు. "ఇంకో ఆర్నెల్లు ఆగుదాం" అన్నా అలగకుండా, మర్చిపోకుండా మళ్లీ అడగడం అన్నిటికన్నా పెద్ద గుర్తు.

వచనాలు గడగడా అప్పజెప్పడం, కోయిర్‌లో ముందు వరసలో పాడటం, కీబోర్డు వాయించడం, క్యాంపులో వెక్కి వెక్కి ఏడవడం... వీటిలో ఏదీ దానికదే గుర్తు కాదు. కాపరి పిల్లలైతే మరీ జాగ్రత్త. వాళ్లకు అన్ని జవాబులూ వచ్చు, అందరి కళ్లూ వాళ్ల మీదే ఉంటాయి.

తేదీ ఎవరు పెడుతున్నారో గమనించండి

యూత్ క్యాంపు ఆఖరి రాత్రి, లైట్లు తగ్గించి, మెల్లగా సంగీతం వాయిస్తూ "తెల్లారి బాప్తిస్మం తీసుకునేవాళ్లు ముందుకు రండి" అంటే ముప్పై మంది పిల్లలు లేచి వెళ్తారు. అందులో సగం మంది పక్కవాడు లేచాడని లేచినవాళ్లే ఉంటారు. అలా లేచిన కోరిక నిజమైతే మూడు నెలల తర్వాత కూడా ఉంటుంది. ఆ రాత్రి తీర్మానాన్ని తీసిపారేయకండి, ఇంటికొచ్చాక బాప్తిస్మానికి ముందు జరిగే క్లాసులో చేర్చండి.

బైబిల్లో ఐతియోపీయుడికి దారిలోనే, చెరసాల నాయకుడికి ఆ రాత్రే ఇచ్చారు కదా, ఆగమని ఎక్కడుంది అని అడుగుతారు. నిజమే. వాళ్లు ఎదిగిన మనుషులు, ఆ నిర్ణయానికి ఏం మూల్యం చెల్లించాలో ఎరిగినవాళ్లు. ఆగడం గురించి మన నేలమీదే ఒక సంగతి ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ పనుల రోజుల్లో జనం బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో దిగి ఇచ్చింది ఆరుగురు బోధకులు, అదీ ఇద్దరిద్దరు చొప్పున. ఆపి ఉంచినా అంతమంది వచ్చారు.

తేదీని ముందుకు తోసే ఇంకొన్ని ఉన్నాయి. అమెరికా నుంచి బాబాయి వచ్చాడని, పక్కింటి వాళ్ల అమ్మాయి తీసుకుందని, సంఘం వార్షికోత్సవానికి ఒక సంఖ్య కావాలని. అన్నిటికన్నా మొండిది పెళ్లి. బాప్తిస్మం సర్టిఫికెట్ లేనిదే చాలా సంఘాలు పెళ్లి చేయవు కాబట్టి, శుభలేఖలు అచ్చయ్యాక వరుడు బుధవారం నీళ్లలో దిగి శుక్రవారం పందిట్లో కూర్చుంటాడు. తన విశ్వాసం గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పమంటే ఏం చెబుతాడు పాపం. ఇంట్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలుంటే సంబంధాలు చూడటం మొదలుపెట్టక ముందే ఈ సంగతి మాట్లాడండి.

పిల్లలు వద్దంటే

పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఊసెత్తకపోవడానికి నాలుగైదు కారణాలు ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో మందు. మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పడం సిగ్గయితే, రాసుకుని చదవనివ్వమని కాపరిని అడగండి, ఎవరూ కాదనరు. తడి బట్టలతో అందరి ముందూ నిలబడాలంటే ఇబ్బందైతే దానికీ మార్గాలున్నాయి, కింద చెబుతాను. నమ్మకంలోనే అనుమానాలుంటే బతిమాలకండి, బెదిరించకండి. "నీ ప్రశ్నలు నాకు చెప్పు, నాకు తెలియనివి కలిసి వెతుకుదాం" అనండి. "నలుగురిలో మా పరువేం కావాలి?" అన్నారంటే తలుపు మూసుకున్నట్టే.

ఎస్సీ కుటుంబాల్లో బయటికి అనని కారణం ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకే ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి కిందికి వస్తారు. కాలేజీ సీటు, ఉద్యోగం ముందున్న పిల్లలు దీని గురించి ఆలోచించడం సహజం. గుసగుసలతో, "ఎవరికీ చెప్పకులే"లతో నెట్టుకురావద్దు. చట్టం ఏం చెబుతుందో తెలిసిన లాయరును కలవండి. ఆ తర్వాత ఏం చేయాలో పిల్లల్నే నిర్ణయించుకోనివ్వండి, ఎందుకంటే సర్టిఫికెట్ మీద ఉండేది వాళ్ల పేరు.

అడిగిన పిల్లల తల్లిదండ్రులు క్రైస్తవులు కాకపోతే పద్దెనిమిది నిండేదాకా ఆగండి. తల్లిదండ్రులు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప అంతకుముందు ఏ కాపరీ ఇవ్వకూడదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో మతం మార్పిడిపై ప్రత్యేక చట్టాలున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు సంఘాలవాళ్లు స్థానిక నియమాలు తెలుసుకోకుండా అడుగు వేయొద్దు.

క్లాసు, సాక్ష్యం

క్లాసులో మీరు పక్కన కూర్చోకండి. సాక్ష్యం మీరు రాసివ్వకండి. పన్నెండేళ్ల పిల్ల "నేను పాపకూపములో పొరలాడుచుండగా" అని మొదలుపెడితే, అది ఎవరి మాటో సంఘమంతా కనిపెడుతుంది. "నేను అమ్మతో అబద్ధాలు చెప్పేదాన్ని, యేసయ్య క్షమించాడని నమ్ముతున్నాను" అంటే చాలు. నాన్న తాగుడు గురించో, ఇంట్లో గొడవల గురించో పిల్లల చేత మైకులో చెప్పించకండి.

ఆ రోజు కోసం

తెల్ల నూలు బట్ట తడిస్తే ఒంటికి అంటుకుని పారదర్శకమవుతుంది. లోపల ముదురు రంగు బనియను, లెగ్గింగ్ వేయండి. ఆడపిల్లల చున్నీని రెండు భుజాల దగ్గరా పిన్నులు పెట్టి బిగించండి, లేకపోతే నీళ్లలో పైకి తేలుతుంది. తొట్టి నుంచి బయటికి రాగానే కప్పడానికి పెద్ద తువ్వాలు పట్టుకుని అమ్మో అక్కో మెట్ల దగ్గర నిలబడాలి. నెలసరి రోజులైతే తేదీ మార్చమని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, కారణం కూడా చెప్పనక్కర్లేదు.

పెద్దవాళ్లకు నడుము లోతు నింపిన తొట్టి పదేళ్ల పిల్లవాడికి గుండెల దాకా వస్తుంది. నీళ్లు తగ్గించమని ముందురోజే చెప్పండి. ఇంట్లో ఒకసారి చూపించండి: చేతులు గుండెల మీద కట్టుకోవడం, రుమాలుతో ముక్కు మూసుకోవడం, మోకాళ్లు కొంచెం వంచి వెనక్కి వాలడం. పిల్లలు భయపడేది నీళ్లకు కాదు, వెనక్కి పడిపోతామని. ఆస్తమా, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే కాపరికి ముందే చెప్పాలి. వినికిడి మిషన్ తీసి ఇచ్చేయండి.

కృష్ణా, గోదావరి కాలువల్లో ఇచ్చేటట్లయితే ఆ రేవు తెలిసిన మనిషి ముందు దిగి లోతు చూడాలి. నీళ్లు వదిలిన వారంలో వడి ఎక్కువ, పాచి పట్టిన మెట్లు జారతాయి. ఈతొచ్చిన ఇద్దరు దిగువన నిలబడాలి. వడి ఎక్కువగా కనిపిస్తే ఆ ఆదివారం మానేయండి, ఎవరేమన్నా సరే.

తడి బట్టల్లో ఉన్న పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. లైవ్ పెట్టే సంఘమైతే కెమెరా ముఖం వరకే ఉంచమని చెప్పండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక పేరు, ఇంటిపేరు, పుట్టినరోజు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. పదేళ్ల తర్వాత పెళ్లికి అడిగినప్పుడు ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో వెతికే కంటే ఇదే సుఖం.

ఆ తర్వాత

సోమవారం నుంచి ఇంట్లో ఒక మాట మానుకోవాలి: "బాప్తిస్మం తీసుకున్నావు, ఇలాగేనా ప్రవర్తించేది?" అన్న మాట. గిన్నె పగలగొట్టినా, తమ్ముణ్ణి కొట్టినా ఇదే ఎత్తితే, తీసుకోకుండా ఉన్నా బాగుండేది అనిపిస్తుంది పిల్లలకు. తప్పుకు తప్పు గురించే మందలించండి.

కొన్నేళ్లయ్యాక, ఇరవై దాటిన కొడుకో కూతురో వచ్చి "అప్పుడు నాకేం తెలియలేదు, ఇప్పుడు మళ్లీ తీసుకుంటాను" అనడం కూడా చూస్తుంటాం. కతోలిక, సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో రెండోసారి ఉండదు. నీళ్లతో త్రియేక దేవుని నామంలో ఒకసారి జరిగితే అది జరిగినట్టే. బాప్తిస్టు, పెంతెకొస్తు కాపరుల్లో కొందరు ఇస్తారు, కొందరు "అప్పటిదే చాలు, ఇప్పుడు సంఘం ముందు నీ విశ్వాసాన్ని మళ్లీ ఒప్పుకో" అంటారు. అలా అడిగిన పిల్లలతో మీరు వాదనకు దిగకండి. "పదేళ్లప్పుడు మేమే తొందరపెట్టామా?" అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా విని, కాపరి దగ్గరకు వాళ్లనే వెళ్లనివ్వండి.